నందిపేట నుండి ఋషికొండకు

గోదావరిపైని శ్రీరామసాగర జలాశయమునకు చేరువనే పసుపు పండించుకొను నందిపేట వారికి నీటి సంగతి తెలియనిది కాదు. అయినను 2020లో నీలిజెండా గుర్తింపు నందిన విశాఖ ఋషికొండ తీరమునకు విహారమేగినపుడు గోదావరి నేర్పిన పాఠము చాలదు. విరుగుచున్న అలల నడుమ, ఇసుక కలగిన సన్నని నీటిబాట యొకటి ప్రశాంతముగ గన్పట్టును. ఆ ప్రశాంతతయే మోసము, ఒడ్డుకెక్కిన జలమంతయు తిరిగి కడలికి పరుగిడు త్రోవ యదియే. వానకాలమున కెరటము లుబ్బి యది బలపడును. పట్టణపు మురుగును గెడ్డలు సముద్రమునకు మోయును గనుక, భారీవర్షము పిమ్మట రెండు మూడు దినములు స్నానము మానుట మేలు. ఆ నీటిబాట ప్రవాహమున చిక్కినచో ఎదురీదక, తీరమునకు సమాంతరముగ ప్రక్కకు ఈదుడు. ఈత రానివారు తేలియుండి, చేయెత్తి కేకవేయుడు.