‘సిన్స్’ ఎక్కడ? ‘ఫర్’ ఎక్కడ? ‘గా’ని అడగండి!

అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటూ ఉద్యోగాలు వెతుక్కునే జూనియర్లకు నేను అప్పుడప్పుడూ మాక్ ఇంటర్వ్యూలు చేస్తుంటాను. పేరు, ఊరు, చదువు గడగడా చెప్పేస్తారు. అనుభవం దగ్గరికి రాగానే ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ టూ ఇయర్స్’ అంటారు. నేను ఎక్కువగా వినే తప్పు ఇదే.

ఇది తెలివికి సంబంధించింది కాదు, మన ‘నుంచి’ తెచ్చిన తంటా. ‘2023 నుంచి చేస్తున్నా’ అంటాం, ‘రెండేళ్ల నుంచి చేస్తున్నా’ అనీ అంటాం. తెలుగులో రెండూ కరెక్టే. ఇంగ్లిష్‌లో మాత్రం వీటికి వేర్వేరు మాటలున్నాయి.

పని ఎప్పుడు మొదలైందో చెబితే ‘సిన్స్’. సిన్స్ 2023, సిన్స్ మండే, సిన్స్ చైల్డ్‌హుడ్. ఎంతకాలమైందో లెక్క చెబితే ‘ఫర్’. ఫర్ టూ ఇయర్స్, ఫర్ త్రీ డేస్, ఫర్ ఎ లాంగ్ టైమ్.

గుర్తుండట్లేదా? చిట్కా తెలుగులోనే ఉంది. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. రెండేళ్లుగా, మూడు రోజులుగా, చాలాకాలంగా... చక్కగా కుదిరాయి కదా, అక్కడ ‘ఫర్’. ‘సోమవారంగా పని చేస్తున్నా’ అని ఎవరైనా అంటారా? కుదరకపోతే అక్కడ ‘సిన్స్’.

ఇక క్రియ సంగతి. ‘చేస్తున్నా’ని ‘ఐ యామ్ వర్కింగ్’ అని దింపేస్తే సరిపోదు. ఎప్పుడో మొదలై ఇంకా నడుస్తున్న పనికి ‘ఐ హావ్ బీన్ వర్కింగ్’ అనాలి. తర్వాత ‘సిన్స్ 2023’ వచ్చినా, ‘ఫర్ టూ ఇయర్స్’ వచ్చినా ఇదే.

‘ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ టూ ఇయర్స్’ అన్నారనుకోండి, అక్కడ మానేశారని అర్థం. ఉద్యోగంలో ఉండి ఇలా చెబితే, నోటీస్ పీరియడ్ గురించి అడగాల్సిన హెచ్‌ఆర్ ‘ఎందుకు మానేశారు?’ అని అడుగుతారు. డాక్టర్ దగ్గర అయితే ఇంకా జాగ్రత్త. ‘ఐ హాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్’ అంటే మూడు రోజులు వచ్చి తగ్గిపోయిందని. ఇప్పటికీ ఉంటే ‘ఐ హావ్ హాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్’ అనాలి. తెలుగు రాని ఊళ్లో ఒంటరిగా ఉన్నప్పుడు ఈ ఒక్క ‘హావ్’ చాలా పని చేస్తుంది.

ఇంకో మెలిక. ‘సోమవారం నుంచి సెలవు పెడతా’ అనేది రాబోయే రోజు గురించి. అక్కడ ‘సిన్స్’ చెల్లదు, ‘ఫ్రమ్ మండే’ అనాలి. ‘ఫర్’కి ఆ ఇబ్బంది లేదు. ‘ఐ విల్ బి దేర్ ఫర్ టూ డేస్’ అని హాయిగా అనొచ్చు.

ఇప్పుడు మీ వంతు. ‘ఈ ఊళ్లో ఎన్నాళ్లుగా ఉంటున్నారు?’ అనే ప్రశ్నకు ఒకసారి ‘సిన్స్’తో, ఒకసారి ‘ఫర్’తో జవాబు చెప్పండి. మనసులో కాదు, పైకే!