ఎముకకూ బొమ్మకూ లంకె

మోకీలు మార్పిడికి ముందు సీటీ స్కాన్ తీసేటప్పుడు రోగి కాలు చాపి పడుకుంటాడు. ఆపరేషన్ బల్ల మీద అదే కాలు మడిచి ఉంటుంది. తెర మీది ఎముకలో కనిపించే ఒక బిందువు ఎదుటనున్న ఎముకలో సరిగ్గా ఎక్కడుందో యంత్రానికి తెలియాలి. ఈ లంకె కుదర్చడమే రిజిస్ట్రేషన్. అది తప్పితే రోబో చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా కోత పక్కకే పడుతుంది.

మొదటి పాఠం తుంటి నేర్పింది. 1992 నవంబరులో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో రోబోడాక్ అనే రోబో తుంటి మార్పిడి కోసం తొలిసారి మనిషి తొడ ఎముకను తొలిచింది. దాని వెనుక పశువైద్యుడు హాప్ పాల్, ఎముకల డాక్టర్ విలియం బార్గర్ ఉన్నారు. ఐబీఎం పరిశోధకులు తోడయ్యారు. ముందుగా కుక్కల మీద పరీక్షించారు. లంకె కోసం వాళ్లు ఎంచుకున్న దారి సూటిగా ఉంది: చిన్న ఆపరేషన్‌తో ఎముకలోకి లోహపు పిన్నులు దించి, ఆ తర్వాత స్కాన్ తీయడం. పిన్నులు బొమ్మలో స్పష్టంగా కనిపిస్తాయి. రోబో వాటిని తాకి తన చోటు తెలుసుకుంటుంది. లెక్క కుదిరింది. కానీ కొన్ని పిన్నులు మోకాలి దగ్గర దిగేవి. తుంటి బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లలో కొందరికి తీవ్రమైన మోకాలి నొప్పి పట్టుకుంది. యంత్రానికి దారి చూపడానికి రోగికి కొత్త బాధ పెట్టడం ఒప్పుకోదగ్గ బేరం కాదు.

పిన్నులు మానడానికి పనికొచ్చిన గణితం కార్ల పరిశ్రమ నుంచి వచ్చింది. అదే 1992లో జనరల్ మోటార్స్ పరిశోధనశాలకు చెందిన పాల్ బెస్ల్, నీల్ మెకే ఐసీపీ (ఇటరేటివ్ క్లోజెస్ట్ పాయింట్) పద్ధతిని ప్రచురించారు. తయారైన వస్తువు నమూనాకు సరిపోయిందా లేదా అని తనిఖీ చేసే పనికి అది పనికొస్తుంది. కొలిచిన ప్రతి బిందువుకూ నమూనా మీద అతి దగ్గరి బిందువును వెతకాలి. ఆ జతల మధ్య దూరాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా తిప్పాలి, జరపాలి. మళ్లీ వెతకాలి. మార్పు ఆగేదాకా ఇంతే! దీనికి ఒక బలహీనత ఉంది: చీకట్లో కొండ దిగేవాడు మొదటి గుంతనే లోయ అనుకున్నట్టు, ఆరంభం సరిగా లేకపోతే తప్పు చోటే ఆగిపోతుంది. రోబోడాక్ కూడా తర్వాత పిన్నులు మాని, ఎముక ఉపరితలాన్ని తాకి చూసే పద్ధతికి మారింది.

ఆరంభం తప్పకుండా ఉండేందుకే నేటి మాకో వంటి రోబోలతో చేసే మోకీలు ఆపరేషన్‌లో మొదట మోటు అంచనా వేసుకుంటారు. తొడ ఎముకకూ కింది కాలి ఎముకకూ పరారుణ కెమెరా గుర్తుపట్టే ఫ్రేములు బిగిస్తారు. కాలును గుండ్రంగా తిప్పితే తుంటి కీలు కేంద్రం తేలుతుంది. చీలమండకు రెండు వైపులా తాకితే కాలి రెండో కొస దొరుకుతుంది. ఆ తర్వాత సర్జన్ మొనదేలిన కడ్డీతో ఒక్కో ఎముకను సుమారు 40 చోట్ల తాకుతాడు. మామూలు సీటీలో మృదులాస్థి సరిగా కనిపించదు కాబట్టి, మొన దాన్ని గుచ్చుకుంటూ అసలు ఎముకదాకా దిగాలి. పైపైన తాకితే మృదులాస్థి మందమంతా లెక్కలో తప్పుగా చేరిపోతుంది.

ఈ శ్రమ వృథా కాదు. లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం పాక్షిక మోకీలు మార్పిడిపై 2006లో ప్రచురించిన ఫలితాల్లో, ఆక్రోబాట్ రోబో సాయంతో చేసిన 13 మోకాళ్లూ అనుకున్న కోణానికి 2 డిగ్రీల లోపే కుదిరాయి. మామూలు పద్ధతిలో ఆ హద్దులో ఉన్నవి 40 శాతమే. సంఖ్య చిన్నదే, తేడా మాత్రం పెద్దది.

అయినా తెర మీద లోపం తక్కువగా చూపిందని నిశ్చింతగా ఉండకూడదు. తాకిన బిందువులన్నీ ఒకే మూల గుమిగూడితే అక్కడ అతుకు చక్కగా కుదిరి, దూరంగా ఉన్న చోట ఎముక ఒరిగిపోవచ్చు. బిగించిన ఫ్రేము పొరపాటున కదిలినా లెక్కంతా చెడుతుంది. అది కదిలిందో లేదో తెలుసుకోవడానికి ఎముకలో విడిగా మరో చిన్న గుర్తు దించుతారు. కోతకు ముందు సర్జన్ కడ్డీతో దాన్ని తాకి సరిచూస్తాడు.