ఖాళీ చేస్తన్నామని చెప్తే తలుపు బార్లా తీసీసినట్టేనా?

అద్దె గది ఖాళీ చేస్తన్నామని ఓనరుకి చెప్పిన మర్నాటి నుంచీ చాలా చోట్ల ఒకటే తంతు. గేటుకి టూలెట్ బోర్డు పడతాది. ఇంక వొచ్చే జనం వొస్తానే ఉంటారు. పొద్దున్న పళ్లు తోముకుంటుంటే ఒకలు, అన్నం తింటుంటే ఇంకొకలు, తానం చేసి వొచ్చేసరికి గుమ్మంలో ముగ్గురు. "ఏటీ లేదు బావూ, ఓ పాలి సూసి ఎల్లిపోతారు" అంటాడు ఓనరు. మనం లేనప్పుడైతే ఆ మాట కూడా లేదు. రెండో తాళం చెవి ఆయన దగ్గిరే ఉంటాది కదా.

ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఖాళీ చేస్తామని చెప్పిన రోజుకీ, నిజంగా ఖాళీ చేసే రోజుకీ మజ్జిన ఆ ఇల్లు ఎవరిది? సొంతదారు ఓనరే, అందులో తగువు లేదు. కానీ అందులో కాపరం ఎవరిది? ఆఖరి రోజు దాకా అద్దె కట్టేది ఎవరు?

ఎస్. రాయవరం చుట్టుపక్కల ఊళ్ల కుర్రోళ్లకి ఇది దూరపు విషయం కాదు. చదువైపోగానే అచ్యుతాపురం సెజ్‌కో, పరవాడ ఫార్మా కంపెనీలకో, గాజువాకకో పనికి ఎల్తారు. రోజూ అడ్డురోడ్డు కాడ బస్సు పట్టుకుని తిరగలేక ముగ్గురు నలుగురు కలిసి గది తీసుకుంటారు. ఇంకో పక్క, సెజ్ వొచ్చినాక చుట్టుపక్కల ఊళ్లలో నాలుగు గదులు కట్టి అద్దెకిచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. కాబట్టి ఈ విషయంలో మనలో కొందరం అద్దెకున్నోళ్లం, కొందరం ఓనరు పిల్లలం. ఇద్దరికీ తెలిసుండాల్సిన సంగతులివి. గురజాడ పుట్టిన ఊరోళ్లం కాబట్టి, చట్టాన్నయినా వాడుక మాటలోనే చెప్పుకుందాం.

ముందు పాత చట్టం. ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్టు, అంటే ఆస్తి బదిలీ చట్టం, 1882 నాటిది. ఇప్పటికీ అమల్లో ఉంది. అందులో 108వ సెక్షను ఓనరుకీ అద్దెదారుకీ మజ్జిన ఎవరి హక్కేటి, ఎవరి బాధ్యతేటి అన్నది చెప్తాది. ఇందులో మనకి కావాల్సినవి రెండు ముక్కలు.

మొదటిది: అద్దె సరిగ్గా కడుతూ ఒప్పుకున్న మాట మీద ఉన్నంత కాలం, గడువు పూర్తయ్యే దాకా అద్దెదారు ఆ ఇంట్లో అడ్డూ ఆటంకం లేకుండా ఉండొచ్చు. "గడువు పూర్తయ్యే దాకా" అన్న మాట గట్టిగా పట్టుకోండి. నోటీసు ఇచ్చిన రోజుతో గడువు తీరిపోదు. నోటీసు కాలం ఆఖరి రోజుతోనే తీరతాది.

రెండోది: ఓనరు గానీ ఆయన మనిషి గానీ సబబైన వేళల్లో లోపలికొచ్చి, ఇల్లు ఏ స్థితిలో ఉందో సూసుకోవొచ్చు. ఏదైనా పాడైతే బాగు చెయ్యమని చెప్పొచ్చు. దానికి అద్దెదారు ఒప్పుకోవాల. గోడ చెమ్మెక్కిందా, కుళాయి కారతందా అని సూడ్డానికొస్తే "నువ్వు రావొద్దు" అనే హక్కు మనకి లేదు.

ఇప్పుడు తేడా గమనించండి. ఇల్లు ఎలాగుందో ఓనరు సూసుకోడం వేరు, కొత్తగా అద్దెకొచ్చేవోళ్లని తీసుకొచ్చి మన మంచం, మన బట్టలు, మన వొంటిల్లు సూపించడం వేరు. ఆ సెక్షనులో మొదటిదే రాసుంది, రెండోది రాసి లేదు. అలాగని "చట్టంలో లేదు కాబట్టి ఎవర్నీ రానివ్వను" అని అడ్డంగా నిలబడ్డమూ తెలివి కాదు. ఎందుకంటే ఆ సెక్షను మొదట్లోనే ఒక మెలిక ఉంది. ఒప్పందం గానీ, ఆ చోట ఉన్న వాడుక గానీ వేరేగా లేనప్పుడే ఈ నియమాలు వర్తిస్తాయని. ఖాళీ అయ్యే ఇంటిని సూపించడం మన దగ్గిర ఎప్పట్నుంచో ఉన్న వాడుకేనని ఓనరు వాదించొచ్చు. కాబట్టి సూపించాలా వొద్దా అన్న దాని కంటే, ఎప్పుడు, ఎలాగ అన్నదే అసలు విషయం.

కొత్త చట్టాల దారి కూడా ఇదే. 2021 జూన్ 2న కేంద్ర క్యాబినెట్ నమూనా అద్దె చట్టానికి ఒప్పుకుంది. దాని ప్రకారం ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు రాసి గానీ, ఫోను మెసేజి లాంటి దారిలో గానీ చెప్పాల. ఎందుకొస్తన్నాడో, ఏ రోజు, ఏ వేళకో అందులో ఉండాల. పొద్దు పొడవక ముందూ, పొద్దు గూకినాకా రాకూడదు. నిప్పంటుకోడం, వరద, తుపాను లాంటి ఆపదలకి మాత్రం ఈ నియమం లేదు. రావడానికి కారణాలు కూడా చెప్పింది: మరమ్మతు, ఇంటి స్థితి సూసుకోడం, లేదా ఒప్పందంలో రాసుకున్న ఇంకేదైనా సబబైన కారణం. కొత్తోళ్లకి సూపించడం ఈ మూడోదాని కిందికే రావాల. అంటే ఒప్పంద కాయితంలో ఆ ముక్క రాసుకోవాల.

ఇది నమూనా మాత్రమే అన్నది మరిచిపోకండి. అద్దె విషయాలు రాష్ట్రాల చేతిలోవి. ఆంధ్రప్రదేశ్‌కి 2017లో చేసిన సొంత అద్దె చట్టం ఉంది. కాబట్టి ఎవరితోనైనా తగువొస్తే "కేంద్ర చట్టం ఇలాగ చెప్పింది" అని ఒక్క ముక్క పట్టుకుని ఎల్లకండి, వకీలుని అడిగి ఎల్లండి. కానీ సబబు అంటే ఏటన్నదానికి ఆ నమూనా మంచి కొలత. ఓనరు దగ్గిర మాటాడ్డానికి అది చాలు.

బయటి దేశాల్లో ఈ విషయాన్ని తేల్చి రాసీసినారు. మన తెలుగోళ్లు చాలామంది ఉండే అమెరికాలోని కాలిఫోర్నియాలో, కొత్త అద్దెదారుకి ఇల్లు సూపించడానికి ఓనరు లోపలికి రావొచ్చని చట్టమే చెప్తాది. కానీ మామూలుగా 24 గంటల ముందు రాసి చెప్పాల, పనివేళల్లోనే రావాల. కెనడాలోని ఒంటారియోలో అయితే, ఇల్లు ఖాళీ చేస్తన్నట్టు నోటీసు పడినాక పొద్దున్న 8 నుంచి రాత్రి 8 లోపల సూపించుకోవొచ్చు, ముందుగా అద్దెదారుకి తెలియజెయ్యడానికి ఓనరు తగిన ప్రయత్నం చెయ్యాల. రెండు చోట్లా సూత్రం ఒకటే. ఓనరుకి సూపించుకునే హక్కుంది, అద్దెదారుకి ముందుగా తెలుసుకునే హక్కుంది.

మన దగ్గిర కష్టం ఏటంటే, "సబబైన వేళ" అన్నది అందరికీ ఒకటి కాదు. సెజ్‌లో రాత్రి షిఫ్టు చేసొచ్చిన కుర్రోడికి పొద్దున్న పది గంటలంటే నడిరాత్రి కిందే లెక్క. ఓనరు కంటికి అది పట్టపగలు. ఆ నిద్ర పాడైతే ఆ రాత్రి మళ్లీ మిషను ముందు నిలబడాల. రియాక్టర్ల దగ్గిర, మిషన్ల దగ్గిర కునుకు తీస్తే ఏటవుతాదో మనకి ఒకలు చెప్పక్కర్లేదు. కుట్టు కంపెనీల్లో పని చేసే ఆడపిల్లలు నలుగురు ఉండే గదిలోకి, తెలీని మగోళ్లని వెంటేసుకుని తలుపు కొట్టకుండా వొచ్చీడం ఇంకో ఎత్తు. ఇంకా ఇప్పుడు ఫోనులో వీడియో తీసి గ్రూపుల్లో పెట్టడం ఒకటి. గోడలు ఓనరువే, కానీ గోడకి తగిలించిన బట్టలు, దేవుడి పటం, మంచం మీద పుస్తకాలు ఆయనవి కావు. తీసే ముందు అడగాల.

ఓనరు వైపు కూడా సూద్దాం. అచ్యుతాపురంలో నాలుగు గదులు కట్టినోళ్లందరూ ఆసాములు కారు. భూమి పోగా వొచ్చిన డబ్బులో, బ్యాంకు అప్పో పెట్టి కట్టినోళ్లున్నారు. గది ఒక నెల ఖాళీగా ఉంటే ఆ నెల వాయిదాకి తడుముకోవాల. మనం ఖాళీ చేసిన మర్నాడే కొత్తోళ్లు దిగితేనే ఆయనకి బతుకు. అద్దెకొచ్చేవోళ్లు కూడా మన లాంటోళ్లే, సెలవు దొరికిన ఒక్క పూటలో పది గదులు తిరిగి సూసుకుంటన్నారు. మనం ఈ గది తీసుకున్నప్పుడు కూడా ఎవరో ఒకలు తలుపు తీసే ఉంటారు. కాబట్టి సూపించనివ్వడం మర్యాద, చెప్పి రావడం దానికి బదులు మర్యాద.

మరి ఎందుకు ఎవరూ నోరెత్తరు? అడ్వాన్సు. నెలకి 5,000 అద్దె, 10,000 అడ్వాన్సు అనుకుందాం. ఆ పది వేలు ఓనరు దగ్గిరున్నంత కాలం మనకి మాట పెగలదు. ఎదురు చెప్తే సున్నం ఖర్చనో, కరెంటు బాకీ అనో కోసీస్తాడన్న భయం. అందుకే తలుపు సంగతీ, అడ్వాన్సు సంగతీ విడివిడిగా సూడకూడదు. నమూనా చట్టంలో ఇంటికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదని ఉంది, ఇల్లు అప్పగించిన రోజునే న్యాయమైన కోతలు పోను తిరిగి ఇచ్చీయాలని ఉంది. మీరు చెయ్యగలిగింది: గదిలో దిగిన రోజే గోడలు, కుళాయిలు, స్విచ్చులు, కరెంటు మీటరు ఫొటోలు తీసి ఓనరుకే వాట్సాప్‌లో పంపండి. అద్దె ఫోన్‌పేలో కట్టండి, చేతికిస్తే రసీదు అడగండి. రుజువు చేతిలో ఉంటే భయం సగం పోతాది.

ఖాళీ చేసేటప్పుడు నోటీసు కాయితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చీయండి. నెలవారీ అద్దెకి, ఒప్పందంలో వేరే ఏదీ లేకపోతే, 15 రోజుల నోటీసు చాలని 1882 చట్టం 106వ సెక్షను చెప్తాది. పదకొండు నెలల అగ్రిమెంటులో నెల అని రాసుంటే నెలే. ఇచ్చిన కాయితం ఫొటో దాసుకోండి. అదే రోజు ఇలాంటి మెసేజి ఒకటి పెట్టండి:

"ఓనరు గారూ, ఫలానా తారీఖుకి గది ఖాళీ చేస్తన్నాం. కొత్తోళ్లకి సూపించడానికి మాకు అభ్యంతరం లేదండి. మాకు నైట్ షిఫ్టు కాబట్టి సాయంత్రం 4 నుంచి 6 లోపల, ఆదివారం పూట వీలవుతాది. ముందు రోజు ఒక మెసేజి పెడితే మాలో ఒకలం గదిలో ఉంటాం. మేం లేనప్పుడు తాళం తియ్యొద్దండి. ఫొటోలు తియ్యాలంటే ముందు చెప్పండి, సామాను సర్దుతాం."

ఇందులో గొడవ లేదు, బతిమాలుకోడమూ లేదు. "రావొద్దు" అనలేదు, "ఇలాగ రండి" అన్నాం. ఓనరు కూడా ఇలాంటి మెసేజికి సరే అంటే ఆయనకే మేలు. వొచ్చినోళ్లకి సర్దిన గది కనపడతాది, తలుపు తీసినోడు నీళ్లెప్పుడొస్తాయో నవ్వుతా చెప్తాడు. గది తొందరగా పోతాది.

అయినా వినకుండా, మనం లేనప్పుడు తాళం తీసి వొస్తా ఉంటే? ముందు తారీఖు, వేళ రాసి మెసేజి పెట్టండి. బెదిరించడానికో, అవమానించడానికో, కావాలని ఇబ్బంది పెట్టడానికో చొరబడితే అది భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షను కింద నేరం కావొచ్చు. కానీ ఆ ఉద్దేశం ఉందని రుజువవ్వాల. ఊరికే గది సూపించడానికి వొచ్చినోడి మీద ఆ సెక్షను నిలబడ్డం కష్టం. అందుకని పోలీసు స్టేషను మెట్టెక్కే ముందు 15100కి ఫోను చెయ్యండి. అది జాతీయ న్యాయ సేవల సంస్థ నెంబరు. ఆడోళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, ఫ్యాక్టరీ కార్మికులకి సంపాదన ఎంతన్నది సూడకుండా ఉచితంగా వకీలుని ఇవ్వాలని 1987 నాటి చట్టం చెప్తాది. సెజ్‌లో పని చేసే మనోళ్లలో చాలామందికి ఇది వర్తిస్తాది, తెలిసినోళ్లే తక్కువ.

ఇంకో జాగ్రత్త. హాస్టల్లో మంచం తీసుకున్నోళ్లు చట్టం లెక్కలో మామూలుగా అద్దెదారులు కారు, అనుమతి మీద ఉన్నోళ్లు. వాళ్లకి పైన చెప్పిన హక్కులు అలాగే రావు. అక్కడ చేరే ముందే, గదిలోకి ఎవరు ఎప్పుడు రావొచ్చో అడిగి రాయించుకోడమే దారి.

అగ్రిమెంటు రాసుకునే రోజే రెండు వరసలు కలపమని అడగండి: ఖాళీ చేసే నెలలో ఒక రోజు ముందు చెప్పి, ఇద్దరికీ కుదిరిన వేళలో, అద్దెదారు ఉన్నప్పుడే సూపించాల; అడ్వాన్సు తాళం ఇచ్చిన రోజునే తిరిగివ్వాల. ఓనరు పిల్లలైతే మీ నాన్నకి మీరే చెప్పి రాయించండి. చేరేటప్పుడు ఇద్దరూ నవ్వుతానే ఉంటారు కాబట్టి రాసుకోడం అప్పుడే తేలిక. ఎల్లిపోయే నెలలో ఆ రెండు వరసలే ఇద్దరి మర్యాదా కాపాడతాయి.