బరువు తగ్గించే శస్త్రచికిత్సకు ఆరోగ్య బీమా: అపోహలు – వాస్తవాలు

ఊబకాయానికి చేసే బేరియాట్రిక్ శస్త్రచికిత్సకు మన దేశంలో ఆరోగ్య బీమా వర్తిస్తుందా, లేదా అన్నది ప్రధానంగా ఒక్క నిబంధనతో తేలిపోతుంది. ఒకప్పుడు మినహాయింపులను ఒక్కో బీమా కంపెనీ ఒక్కో రకంగా రాసుకునేది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 సెప్టెంబరులో వాటికి ఒకే భాష ఖరారు చేసింది. ఆ జాబితాలో 06 సంకేతంతో ఉన్నదే ఊబకాయం, బరువు నియంత్రణకు సంబంధించిన నిబంధన. దాన్ని సగం చదివి వదిలేయడం వల్ల పుట్టిన అపోహలే ఎక్కువ.

అపోహ: పాలసీలో ఊబకాయం మినహాయింపుల కింద ఉంది కాబట్టి ఒక్క రూపాయి కూడా రాదు.

వాస్తవం: ఆ నిబంధన ఊబకాయ శస్త్రచికిత్సలన్నింటినీ తోసిపుచ్చదు. కొన్ని షరతులు నెరవేరని వాటిని మాత్రమే తోసిపుచ్చుతుంది. షరతులన్నీ నెరవేరితే ఈ మినహాయింపు చూపి క్లెయిమును కాదనడానికి వీలుండదు. ఆ షరతులు ఇవి: డాక్టరు సలహా మీద ఆపరేషన్ జరగాలి, అది వైద్య ప్రమాణాలకు లోబడి ఉండాలి, రోగికి 18 ఏళ్లు నిండాలి, బీఎంఐ (ఎత్తును బట్టి బరువును తూచే సూచిక) 40 లేదా అంతకు మించి ఉండాలి. బీఎంఐ 35 లేదా అంతకు మించి ఉండి 40 లోపు అయితే దానికి తోడు నాలుగు తీవ్ర జబ్బుల్లో కనీసం ఒకటి ఉండాలి. ఊబకాయం వల్ల గుండె కండరం దెబ్బతినడం, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో శ్వాస ఆగే జబ్బు), అదుపులో లేని టైప్ 2 మధుమేహం – ఇవీ ఆ నాలుగు. శస్త్రచికిత్స అవసరం లేని మార్గాల్లో బరువు తగ్గే ప్రయత్నం చేసి విఫలమై ఉండాలన్నది కూడా ఈ రెండో దారిలో వచ్చేవారికి షరతే.

అపోహ: ఆపరేషన్ తప్పనిసరి అని సర్జన్ రాసిస్తే బీమా కంపెనీ డబ్బు కట్టి తీరాలి.

వాస్తవం: డాక్టరు గీసుకున్న గీత వేరు, పాలసీ గీసిన గీత వేరు. చాలామంది రోగులు దెబ్బతినేది ఇక్కడే. 40, 35 అనే అంకెలు 1991లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు జరిపిన నిపుణుల సమావేశం నాటివి. వైద్యశాస్త్రం అక్కడే ఆగిపోలేదు. బేరియాట్రిక్ సర్జన్ల అమెరికా సంఘం, అంతర్జాతీయ సమాఖ్య కలిసి 2022లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చాయి. బీఎంఐ 35 లేదా అంతకు మించి ఉంటే ఇతర జబ్బులు ఉన్నా లేకున్నా శస్త్రచికిత్సను సిఫార్సు చేశాయి. ఆసియావాసులకైతే 27.5 దగ్గరే ఆ అవకాశం ఇవ్వాలన్నాయి. అదే బీఎంఐ దగ్గర మన శరీరాల్లో కొవ్వు పాలు ఎక్కువ, అందులోనూ పొట్ట చుట్టూ పేరుకునేది ఎక్కువ. అందుకే మధుమేహం మనకు తక్కువ బరువులోనే వస్తుంది.

165 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషిని తీసుకుంటే బీఎంఐ 40 కావాలంటే దాదాపు 109 కిలోలు, 35 కావాలంటే సుమారు 95 కిలోలు ఉండాలి. అదే ఎత్తులో 104 కిలోల మనిషికి కొత్త మార్గదర్శకాల ప్రకారం సర్జన్ ఆపరేషన్ సూచించడం సబబే. కానీ పై నాలుగు జబ్బుల్లో ఏదీ లేకపోతే పాలసీ అతనికి వర్తించదు. పాశ్చాత్య దేశాల పాత కొలత మన శరీరాలకు సరిపోదు. దాన్ని సవరించాల్సిన అవసరం ఎంతైనా ఉంది. సవరించే దాకా మాత్రం క్లెయిమును పాలసీలో ఉన్న అంకెతోనే తూచుతారు.

అపోహ: బీపీ, మోకాళ్ల నొప్పులు, ఫ్యాటీ లివర్, పీసీఓడీ ఉన్నా బీఎంఐ 35 చాలు.

వాస్తవం: ఇవన్నీ ఊబకాయంతో ముడిపడినవే, రోగిని నిజంగా బాధపెట్టేవే. అయినా ఆ నాలుగింటి జాబితాలో లేవు. జాబితాలో ఉన్న జబ్బుకైనా రుజువు కావాలి. మధుమేహం ఉంటే సరిపోదు, మందులు వాడుతున్నా అదుపులో లేదని హెచ్‌బీఏ1సీ రిపోర్టులు చూపాలి. గురక వస్తోందంటే సరిపోదు, నిద్ర పరీక్షలో తీవ్రత తేలాలి. గంటకు 30 లేదా అంతకంటే ఎక్కువసార్లు శ్వాస ఆగడమో, తగ్గడమో జరిగితే వైద్యులు దాన్ని తీవ్రమైనదిగా లెక్కిస్తారు. డైటీషియన్ చీటీలు, వాడిన మందుల వివరాలు, తేదీలతో రాసిన బరువు కొలతలు మొదటి నుంచీ దాచుకోవాలి. ఆపరేషన్‌కు ముందు కాలేయం పరిమాణం తగ్గడానికి కొద్ది రోజులు ప్రత్యేక ఆహారం పెడతారు. దాంతో బరువు కొంత తగ్గుతుంది. అందువల్ల ఆ ఆహారం మొదలుపెట్టక ముందు తీసిన ఎత్తు, బరువు ఆసుపత్రి రికార్డులో ఉండటం ముఖ్యం.

అపోహ: ఇది అందం కోసం చేయించుకునే ఆపరేషన్.

వాస్తవం: లైపోసక్షన్‌లో చర్మం కింద కొవ్వును తీసేస్తారు. అది సౌందర్య చికిత్స, పాలసీల్లో దానికి వేరే మినహాయింపు ఉంది. బేరియాట్రిక్ శస్త్రచికిత్సల్లో ఒకటైన స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో మూడొంతులకు పైగా తొలగిస్తారు. ఆకలిని, రక్తంలో చక్కెరను నడిపించే హార్మోన్లే మారిపోతాయి. రెండింటినీ ఒకే గాటన కట్టడం రోగులకు అవమానం కూడా. అయితే బరువు తగ్గాక వేలాడే చర్మాన్ని తీయించుకుంటే దాన్ని సాధారణంగా సౌందర్య చికిత్సగానే చూస్తారు. జీవితాంతం వాడాల్సిన బీ12, ఐరన్, కాల్షియం మాత్రల ఖర్చు కూడా డిశ్చార్జి తర్వాత పాలసీ ఒప్పుకున్న కొద్ది వారాలు దాటితే రోగిదే.

అపోహ: ఈ నెల పాలసీ తీసుకుని వచ్చే నెల ఆపరేషన్ చేయించుకోవచ్చు.

వాస్తవం: ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. 2024 ఏప్రిల్ నుంచి దాని గరిష్ఠ పరిమితి 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గింది. కంపెనీ మారి పాలసీని పోర్ట్ చేసుకుంటే పాత బీమా మొత్తం మేరకు గడిచిన కాలం లెక్కలోకి వస్తుంది. ఉద్యోగులకు యాజమాన్యం ఇచ్చే గ్రూపు పాలసీల్లో ఈ నిరీక్షణ చాలాసార్లు ఉండదు. కాకపోతే బేరియాట్రిక్ సర్జరీకి ఇంత మొత్తమే ఇస్తామనే ఉపపరిమితి ఉండొచ్చు. హెచ్ఆర్ విభాగం నుంచి షరతుల ప్రతి తీసుకుని చూసుకోవాలి.

నిరీక్షణ తప్పించుకుందామని ప్రపోజల్ ఫారంలో బరువు తగ్గించి రాయడం, షుగరు దాచడం ఇంకో పొరపాటు. పాత ఆసుపత్రి కాగితాల్లో అది బయటపడితే క్లెయిముతో పాటు పాలసీ కూడా పోవచ్చు. వరుసగా 60 నెలలు పాలసీ నడిచాక సమాచారం దాచారంటూ కంపెనీ క్లెయిమును తిరస్కరించకూడదు. మోసం రుజువైతే మాత్రం ఆ రక్షణ లేదు.

అపోహ: క్యాష్‌లెస్ కాదన్నారంటే కథ ముగిసినట్టే.

వాస్తవం: క్యాష్‌లెస్ నిరాకరణ, క్లెయిము తిరస్కరణ ఒకటి కావు. కాగితాలు చాలక క్యాష్‌లెస్ ఆగితే, ఆపరేషన్ తర్వాత పూర్తి రికార్డులతో రీయింబర్స్‌మెంటు కోరవచ్చు. 2024 మే నాటి ఐఆర్‌డీఏఐ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థనపై గంటలోపు నిర్ణయం చెప్పాలి. క్లెయిమును తిరస్కరించాలంటే కంపెనీలోని సమీక్ష కమిటీ ఆమోదం ఉండాలి, ఏ షరతు ప్రకారం కాదంటున్నారో రాసివ్వాలి. ఆ లేఖ చేతికొచ్చాక మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సమ్మతం కాకపోయినా ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకూ యానాంకూ ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. రుసుము లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల రూపాయల దాకా వివాదాలను అక్కడ విచారిస్తారు. అంబుడ్స్‌మన్ ఇచ్చే తీర్పుకు కంపెనీ కట్టుబడాలి. ఫిర్యాదుదారుకు అది నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు అలాగే ఉంటుంది.