పాత ఎస్టేట్ కారు, ఉప్పు, తుప్పు

బ్రిటన్‌లో నివసించే తెలుగు కుటుంబాలకు ఎస్టేట్ కారు ఎంతో అనుకూలమైన వాహనం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, వేసవికి స్వదేశం నుంచి వచ్చిన అమ్మమ్మ, ఆవకాయ, కందిపొడి, అప్పడాలతో బరువెక్కిన ఆమె పెట్టెలు, ఇవన్నీ విమానాశ్రయం నుంచి ఒకే ప్రయాణంలో ఇల్లు చేరాలంటే దానికి సాటి వచ్చేవి తక్కువ. కొత్తది ఖరీదు కనుక ఎనిమిది, పదేళ్ళు నడిచిన దానిని వెదికేవారే అనేకులు. వారి చూపు మొదట మైళ్ళ మీటరు మీద పడుతుంది. కాని ఎంజిను అరిగితే బాగుచేయవచ్చు, క్లచ్చి మార్చవచ్చు. కారుకు దేహమైన ఉక్కు రేకు లోలోపల క్షీణిస్తే చికిత్స కష్టం. అందుచేత పాత కారు కొనదలచినవారు ముందుగా తెలుసుకోవలసినది తుప్పు స్వభావం.

ఈ దేశంలో తుప్పుకు ప్రధాన పోషకం ఉప్పు. చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ వద్ద 1844లో మొదలైన గని వంటి చోట్ల తవ్విన రాతి ఉప్పును చలికాలపు రాత్రులలో రోడ్లపై చల్లుతారు. ఉప్పు కరిగిన నీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకట్టదు కనుక రోడ్డుమీద మంచు పేరుకోదు, ప్రాణాలు దక్కుతాయి. ఆ ఉప్పునీరే చక్రాల విసురుకు కారు అడుగుభాగాన చేరుతుంది. గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను తానే పీల్చుకొని ద్రవమవుతుంది. ఇక్కడి శీతకాలంలో అంతటి తేమ సర్వసాధారణం. కనుక వాన లేని రోజున కూడా కారు అడుగు తడిగానే ఉండవచ్చు. అటువంటి కారును వెచ్చని గరాజులో పెట్టడం దానికి మేలు చేయడమని చాలామంది భ్రమ. వెచ్చదనానికి రసాయన చర్య మరింత వేగం పుంజుకుంటుంది.

ఇనుము తుప్పు పట్టడం ఒక విద్యుద్రసాయన చర్య. ఇనుప పరమాణువు ఎలక్ట్రానులను విడిచి అయానుగా నీటిలోకి దిగుతుంది. ఆ ఎలక్ట్రానులను మరొకచోట ఆక్సిజన్, నీరు కలిసి స్వీకరిస్తాయి. ఉప్పు ఆ నీటిని మంచి విద్యుద్వాహకంగా మారుస్తుంది. 1920 దశకంలో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త యు. ఆర్. ఎవాన్స్ ఇనుప రేకుమీద ఉప్పునీటి బొట్టు నుంచి ఈ వ్యవహారాన్ని స్పష్టంగా చూపించాడు. బొట్టు అంచున ఆక్సిజన్ సమృద్ధిగా అందుతుంది, నడుమ అంతగా అందదు. చిత్రమేమంటే, ఇనుము కరిగేది ఆక్సిజన్ కొరవడిన నడిమి భాగంలో, ఎర్రని తుప్పు పేరుకొనేది దాని చుట్టూ వలయంగా. తుప్పు కనబడేది ఒకచోట, లోహం నశించేది మరొకచోట! పెయింటు అంచున ఉన్న చిన్న గోధుమరంగు మచ్చ దాని కింద జరిగిన నష్టాన్ని కొలిచి చెప్పదు. తుప్పు తాను తినివేసిన ఇనుముకంటే ఎక్కువ స్థలం ఆక్రమిస్తుంది కనుక పెయింటు పొక్కులుగా లేస్తుంది. పొక్కు లేచేనాటికే వ్యవహారం ముదిరిందన్నమాట.

బురద కింద, అతుకుల సందులలో, తడిసిన తివాచీ కింద ఇదే కథ జరుగుతుంది. ఎస్టేట్ కారులో అనుమానించవలసిన తావు డిక్కీ. వెనుక తలుపు చుట్టూ ఉండే రబ్బరు చెడినా, దీపాల అంచులు వదులైనా, వాన నీరు లోపలికి జారి స్టెప్నీ ఉంచే గుంటలో నిలుస్తుంది. అమ్మేవారి అనుమతితో తివాచీ ఎత్తి, స్టెప్నీ తీసి, ఆ గుంటను చేతితో తడిమి చూడాలి. అద్దాలకు లోపలివైపు ఆవిరి పట్టడం, ముక్కవాసన రావడం కూడా ఆనవాళ్ళే. వెనుక చక్రాల పైనుండే వంపు రేకులను లోపలినుంచి పరిశీలించాలి. వెనుక సీటు బెల్టులు సాధారణంగా ఈ పరిసరాలలోనే కారు దేహానికి బిగించబడి ఉంటాయి. ఈ దేశంలో 1991 నుంచి వెనుక కూర్చున్న పెద్దలకు కూడా బెల్టు తప్పనిసరి. అయితే ప్రమాద క్షణంలో పిల్లవాని బరువును ఆపేది బెల్టు ఒక్కటే కాదు, అది బిగించిన రేకు కూడా.

మూడేళ్ళు దాటిన కార్లకు ఏటేటా జరిగే ఎం.ఓ.టి. పరీక్ష ఈ సంగతిని గుర్తించింది. బెల్టు బిగింపునకు 30 సెంటీమీటర్లలోపు లోహం తుప్పుతో బలహీనపడితే కారు నెగ్గదు. నంబరు ఇస్తే పాత పరీక్షల ఫలితాలు ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా కనబడతాయి. వరుసగా రెండు మూడేళ్ళు "తుప్పు ఆరంభం" అని సూచన ఉండి ఆపైన మాయమైతే, ఎవరు ఎలా బాగుచేశారో అడగాలి. కాని పరీక్షకుడు భాగాలను విప్పి చూడడు. అందువల్ల నెగ్గినట్లు పత్రం ఉన్నా తివాచీ ఎత్తక తప్పదు.

ఇటీవలి కార్ల రేకుకు జింకు పూత ఉంటుంది. గీత పడినా ఇనుముకంటే ముందు జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. అయితే జింకు 907 డిగ్రీల వద్దే మరిగిపోతుంది, ఉక్కు కరగడానికి సుమారు 1,500 డిగ్రీలు కావాలి. కనుక వెల్డింగు చేసిన చోట ఆ పూత ఆవిరవుతుంది. ప్రమాదం తరువాత అతికిన కార్లు ఆ అతుకుల వద్దే మళ్ళీ తుప్పు పట్టడానికి ఇది ఒక కారణం. మెత్తని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని రేకు వెంబడి నడిపితే పుట్టీ పూసిన చోట పట్టు సడలుతుంది. కొన్ని కార్లలో బానెట్టు అల్యూమినియంది, వెనుక తలుపు ప్లాస్టిక్‌ది కావచ్చు. అక్కడ అయస్కాంతం అంటకపోతే అమ్మేవారిని శంకించనక్కరలేదు.

కొన్న తరువాత శీతకాలం వెళ్ళగానే, రోడ్లపై ఉప్పు చల్లడం ఆగిన వారంలో, కారు అడుగును గొట్టపు నీటితో ధారాళంగా కడిగించాలి. సబ్బు అక్కరలేదు, మంచినీరు చాలు.