అద్దాల తొట్టిలో సముద్రం

మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ దీవుల చుట్టూ లోతు తక్కువగా ఉన్న సముద్రంలో పగడపు దిబ్బలు ఉన్నాయి. వాటి సందుల్లో రంగురంగుల చిన్న చేపలు ఎన్నో నివసిస్తాయి. అండమాన్ ప్రాంతంలో కనిపించే ఒక రకం క్లౌన్ చేప నారింజరంగులో ఉంటుంది. దాని ఒంటిమీద మూడు తెల్లని పట్టీలు ఉంటాయి. ఇటువంటి చేపలను ఇళ్ళలో అద్దాల తొట్లలో పెంచేవారు ఉన్నారు. ఈ తొట్టినే అక్వేరియం అంటారు.

బావినీటినో కుళాయినీటినో పట్టి ఈ చేపను అందులో వదిలితే బతకదు. ఎందుకు? చేప ఒంట్లోని ద్రవాలలో కంటే సముద్రపు నీటిలో ఉప్పు ఎక్కువ. అందువల్ల ఒంట్లోని నీరు మొప్పల గుండా బయటికి పోతూ ఉంటుంది. ఆ లోటు తీర్చుకోవడానికి చేప సముద్రపు నీటినే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల ద్వారా విసర్జిస్తుంది. దాని శరీరం ఉప్పునీటి కోసమే ఏర్పడింది.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వంట ఉప్పు మాత్రమే కలిపితే చాలదు. మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు కూడా ఉండాలి. అందుకని ప్రత్యేకంగా తయారుచేసిన లవణాల మిశ్రమాన్ని, క్లోరిన్ తొలగించిన నీటిలో కలుపుతారు. నీటి వేడి 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ వరకు ఉండేలా చూస్తారు. నీరు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే మిగిలిపోతుంది. కాబట్టి తగ్గిన మేరకు మంచినీరే పోయాలి. ఉప్పునీరు పోస్తే ఉప్పు మరింత పెరుగుతుంది.

నీరు సిద్ధమైన వెంటనే చేపలను వదలకూడదు. చేపల విసర్జనల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమోనియా పుడుతుంది. ఇది చేపలకు విషం. కొన్ని రకాల బాక్టీరియా అమోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. ఇదీ హానికరమే. మరికొన్ని దానిని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ వల్ల హాని తక్కువ. అది పేరుకుపోకుండా అప్పుడప్పుడు కొంత నీటిని తీసి కొత్త ఉప్పునీరు పోస్తారు. తొట్టిలోని రాళ్ళమీద, ఇసుకలో ఈ బాక్టీరియా తగినంతగా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ ఓపిక లేనివారి తొట్టిలో చేపలు కొద్ది రోజులకే చనిపోతాయి. శ్రద్ధగా పెంచితే క్లౌన్ చేప పదేళ్ళకు పైగా బతుకుతుంది.

మరి తొట్టిలోకి వచ్చే చేపలు ఎక్కడివి? చాలావాటిని పగడపు దిబ్బల నుంచే పడతారు. ఫిలిప్పీన్స్‌లో 1960ల నుంచి కొందరు సయనైడ్ కలిపిన నీటిని పగడాల సందుల్లోకి చిమ్మి, మత్తెక్కిన చేపలను పట్టారు. ఆ విషం తగిలిన పగడాలు కూడా చనిపోతాయి. పగడాలు నశిస్తే చేపలకు నిలువ నీడ ఉండదు. మన దేశంలో మన్నార్ సింధుశాఖ దీవులను 1986లో సముద్ర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 2001లో పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు తెచ్చారు.

అదృష్టవశాత్తు క్లౌన్ చేపలను తొట్లలోనే పుట్టించవచ్చు. ఆడచేప రాతిమీద గుడ్లు పెడితే, మగచేప రెక్కలతో విసురుతూ వాటిని కాపాడుతుంది. సుమారు వారం రోజుల్లో పిల్లలు వస్తాయి. వాటికి కంటికి ఆననంత చిన్న జీవులను మేతగా పెంచి ఇవ్వాలి. తమిళనాడులోని మండపంలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు ఈ విధంగా క్లౌన్ చేపలను పెంచారు. తొట్టిలో పుట్టిన చేప మేతకు, తొట్టి నీటికి సులభంగా అలవాటుపడుతుంది. దానికోసం సముద్రంలో వల వేయనక్కరలేదు.

అందుచేత చేపను కొనేవారు దాని రంగు చూసి ముచ్చటపడే ముందు, అది ఎక్కడ పుట్టిందో అడిగి తెలుసుకోవాలి.