కాలువ కోతలో సమలంబ చతుర్భుజం

పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్, నల్లరేగడి నేలల కోసం వెడల్పాటి ఎత్తుమడులు, వాటి మధ్య కాలువలు ఉండే సాగు పద్ధతిని అభివృద్ధి చేసింది. అలాంటి కాలువను అడ్డంగా కోసినట్టు ఊహిస్తే కనిపించేది దాదాపు సమలంబ చతుర్భుజమే: పైన వెడల్పు, అడుగున ఇరుకు.

పైభాగం 50, అడుగు 30, లోతు 15 సెంటీమీటర్లు అనుకుందాం. అదే ఆకారంలో రెండు అట్టముక్కలు కత్తిరించి, ఒకదాన్ని తలకిందులు చేసి పక్కన అతికిస్తే సమాంతర చతుర్భుజం వస్తుంది. దాని భూమి 50+30, అంటే 80. ఎత్తు మాత్రం మారదు, 15 సెంటీమీటర్లే. వైశాల్యం 1200. అందులో సగం, 600 చదరపు సెంటీమీటర్లు, ఒక్క ముక్కది. పాఠ్యపుస్తకంలో భయపెట్టే ½×ఎత్తు×(సమాంతర భుజాల మొత్తం) సూత్రం ఇంతే. వాలు భుజాల పొడవుతో పనే లేదు.

ఇదే కోత ఉన్న మీటరు పొడవు కాలువ నిండితే పట్టే నీరు 600×100 ఘన సెంటీమీటర్లు, అంటే 60 లీటర్లు.